నాసిక్ నుంచి వచ్చిన రెండు సీసాలు

మొన్న సంక్రాంతికి ముందర మా బిడ్డకు ఒక సంబంధం వచ్చింది. షోలాపూర్ వాళ్లు. సొంత సాంచాలు ఉన్నాయి, టవాళ్లు నేస్తారు. మంచి మనుషులే. భివండీ దాకా వచ్చి, చాయ్ తాగి, సకినాలు తిని, పిల్ల ఫొటో చూసి సంతోషపడ్డారు. లేచి చెప్పులు వేసుకునేటప్పుడు పిల్లగాని మేనత్త అడిగింది.

"పిల్ల నాసిక్‌ల ఏం నౌకరీ చేస్తది వదినా?"

"ల్యాబులో" అన్నాను నేను. అంతటితో ఊరుకుంటే అయిపోయేది. మా ఆయనకు దాచడం రాదు. "వైన్ ఫ్యాక్టరీలమ్మా" అన్నాడు.

"అంటే దారూ కంపెనీయా?"

నాలుగు రోజులకు మధ్యవర్తి ఫోన్ చేశాడు. అన్నీ నచ్చినయట, నౌకరీ ఒక్కటి మానిపియ్యాలట. పెండ్లయినంక ఎట్లా షోలాపూర్‌లోనే ఉంటుంది కదా, ఇప్పుడే మానేస్తే నలుగురికి చెప్పుకోవడానికి బాగుంటుందట.

నాకు వాళ్ల మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట మూడేండ్ల నుంచి నా కడుపులోనే ఉంది. మా ఇంట్లో దారూ అనే మాటకు ఉన్న బరువు బయటివాళ్లకు తెలియదు. ఈ పత్రిక చదివే చాలామందికి మాత్రం చెప్పనక్కర లేదు.

మా బాపు బొంబాయిలో మిల్లు కార్మికుడు, సాంచా ఖాతాలో. మేం వర్లీలో చాళీలో ఉండేవాళ్లం. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు నాకు ఎనిమిదేండ్లు. రెండున్నర లక్షల మంది మిల్లుల నుంచి బయటికి వచ్చారు. నెల రోజుల్లో అయిపోతుందన్నారు, ఏడాది దాటింది. మా బాపు మళ్లీ ఆ మిల్లు గేటు లోపలికి పోలేదు. తర్వాత మేం భివండీ వచ్చాం. మిల్లులో ఎనిమిది గంటల పాళీ చేసిన మనిషి ఇక్కడ పవర్‌లూమ్ మీద పన్నెండు గంటలు నిలబడ్డాడు. సాయంత్రం పాళీ దిగి, సందు చివరన హాత్‌భట్టీ దగ్గర ఆగి వచ్చేవాడు. ఆ వాసన ఇంట్లోకి ఆయన కన్నా ముందు వచ్చేది. 1989లో పోయాడు. నాకు పదిహేనేండ్లు.

నన్ను, మా తమ్ముళ్లను మా అవ్వ కండెలు చుట్టి సాకింది. ఆమె బతికుండగా మా ఇంట్లోకి సీసా రాలేదు. దగ్గు మందు సీసాను కూడా వాసన చూసి పెడుతుంది. అట్లాంటి ఇంటి పిల్ల కల్యాణ్‌లో మైక్రోబయాలజీతో బి.ఎస్సీ. చదివి, వైన్ కంపెనీలో చేరింది. అవ్వకు మేం "ద్రాక్షపండ్ల ఫ్యాక్టరీ" అని చెప్పాం. అది అబద్ధమేమీ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఫిబ్రవరిలో మేమిద్దరం నాసిక్ బయలుదేరాం. నౌకరీ మానెయ్యమని ఫోన్లో చెప్పే మాట కాదు. ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాం. అవ్వ రానంది కానీ ఖాళీ బాటిల్ ఒకటి చేతిలో పెట్టింది. "రామ్‌కుండ్ కాడ గోదారి నీళ్లు పట్టుకరా" అని. ఆమె పుట్టింది ధర్మపురి దగ్గర పల్లెలో. త్ర్యంబకంలో పుట్టిన గోదారి నాసిక్ దాటి, పైఠణ్, నాందేడ్, బాసర దాటి వాళ్లూరి ముందర నుంచి పోతుంది. బొంబాయికి వచ్చి యాభై ఏండ్లు దాటినా ఆమెకు నీళ్లంటే ఆ నీళ్లే.

ఎస్టీ బస్సు కసారా ఘాట్ ఎక్కి ఇగత్‌పురి దాటగానే గాలి మారింది. నాసిక్ చుట్టూ నేల సముద్రానికి దాదాపు ఆరు వందల మీటర్ల ఎత్తున ఉంటుంది. మనకు తెలిసిన నాసిక్ అంటే ఉల్లిగడ్డ, ఎండుద్రాక్ష. దిండోరీ, నిఫాడ్ వైపు పోతే కంటికి ఆనినంత దూరం ద్రాక్ష తోటలే. అన్నీ వైన్ తోటలు కావు, చాలావరకు తినే ద్రాక్షే. వైన్ ద్రాక్ష చూస్తే మీరు కొనరు. గింజ చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు. బండి మీద పెడితే ఎవరూ అడగరు. నోట్లో వేసుకుంటే మాత్రం బజారు ద్రాక్ష కన్నా తీపి, ఆ తీపి వెనకనే పులుపు పట్టుకుంటుంది.

మా బిడ్డ మమ్మల్ని పొద్దున ఆరింటికే తోటకు తీసుకపోయింది. స్వెట్టర్ లేకుండా వచ్చినందుకు తిట్టింది కూడా. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నిఫాడ్ దగ్గర చలి పది డిగ్రీల కిందికి పోతుందట. ఆ చలే ఇక్కడి తెల్ల వైన్‌కు ప్రాణం అంది. పగటి ఎండకు పండులో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. రాత్రి చల్లబడితే ఆ పులుపు అంత తొందరగా పోదు. పులుపు పోయిన పండుతో తెల్ల వైన్ చేస్తే చప్పటి చక్కెర నీళ్లలా ఉంటుందట. అందుకే ఎండ ఎక్కకముందే కోస్తారు. పేఠ్, సుర్గాణా వైపు నుంచి వచ్చిన ఆదివాసీ ఆడవాళ్లు వరుసలో నిలబడి కత్తెరతో గుత్తులు తెంపుతున్నారు. వాళ్ల చేతుల వేగం చూస్తే నాకు తెగిన పోగులు ముడివేసే మనవాళ్ల చేతులు గుర్తొచ్చాయి.

అక్కడ పండే తెల్ల ద్రాక్షల్లో రెండు పేర్లు ఎక్కువ వినబడతాయి. షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్. రెండూ ఫ్రాన్స్‌లోని లువార్ అనే నది ఒడ్డున పేరు తెచ్చుకున్నవి. అక్కడ చలికాలం తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది, ఎండాకాలం పోయాక సెప్టెంబరు, అక్టోబరులో కోతకు వస్తుంది. మన దగ్గర ఆ నిద్రపోయే చలి లేదు. తీగ ఏడాది పొడుగునా పెరగాలనే చూస్తుంది. అందుకని రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, దాన్ని ఖరడ్ ఛాటణీ అంటారు. అది కొమ్మ కోసం. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరులో ఇంకొకసారి, గోడీ ఛాటణీ. అది పండు కోసం. ఛాటణీ తేదీ తప్పితే వానకు తెగులు పట్టి పంట పోతుంది. రెండు కత్తిరింపులు, ఒక్క కోత. ఫ్రాన్స్ తీగకు మహారాష్ట్ర రైతు నేర్పిన పద్ధతి అన్నమాట. వలస వచ్చిన తీగ కూడా ఇక్కడి పాళీకి అలవాటు పడాల్సిందే అన్నాడు మా ఆయన.

ఈ వ్యవహారం పాతదేమీ కాదు. సులా కంపెనీని రాజీవ్ సామంత్ 1999లో పెట్టాడు, మొదటి సీసాలు 2000లో వచ్చాయి, అవి కూడా ఈ రెండు ద్రాక్షలవే. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైన్ మీద ఎక్సైజ్ ఎత్తేసింది. ఆ తర్వాత చిన్నవి, పెద్దవి చాలా వచ్చాయి. వించూర్‌లో ఒక వైన్ పార్కే కట్టారు, దాని పేరు గోదావరి వైన్ పార్క్. మా బిడ్డ పని చేసేది వేరే చిన్న కంపెనీ.

ఇక ఫ్యాక్టరీ లోపలికి పోయాం. గుత్తులు రాగానే తొడిమెలు తీసి పిండేస్తారు. తెల్ల వైన్‌కు తోలు నానబెట్టరు, రసం ఒక్కటే కావాలి. ఆ రసాన్ని చల్లబరిచి, మడ్డి దిగనిచ్చి, స్టీలు టాంకీలో పోసి ఈస్టు కలుపుతారు. టాంకీ చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. పద్నాలుగు పదిహేను డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు మెల్లగా పులుస్తుంది. వేడిలో వదిలేస్తే నాలుగు రోజుల్లో పొంగిపోతుంది కానీ వాసనంతా గాలిలో కలిసిపోతుందట. మా ఆయన సైజింగ్‌లో పని చేసినవాడు. గంజి వేడి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే బీము ఎట్లా పాడవుతుందో ఆయనకు తెలుసు. గంట సేపు టాంకీల మీది మీటర్లు చదువుకుంటూ తిరిగాడు.

నేను మాత్రం రెండో టాంకీ దగ్గర ఆగిపోయాను.

పులుస్తున్న వాసన. అది చెడ్డ వాసనేమీ కాదు. మాగిన అరటిపండు, పిండి పులిసిన గిన్నె. కానీ దాని అడుగున ఇంకోటి ఉంది. భివండీలో మా సందు, కిరసనాయిలు బుడ్డి, తలుపు చప్పుడు. నా కాళ్లు వణికాయి. ఏం చెప్పకుండా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా బిడ్డ వెనకనే పరుగెత్తుకొచ్చింది. గ్యాస్ పట్టిందేమో అని భయపడిందట. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నేలబారున చేరుతుంది, అందుకే అక్కడ పెద్ద పెద్ద ఫ్యాన్లు. గ్యాస్ కాదని చెప్పాను. తాత గుర్తొచ్చాడా అని అడిగింది. తాతను అది చూడనే లేదు.

తర్వాత ల్యాబులో కూర్చోబెట్టి తను రోజూ చేసే పని చూపించింది. చిన్న గొట్టంలాంటి దాని మీద ఒక చుక్క రసం వేసి వెలుగుకు పెట్టి చూస్తే చక్కెర ఎంతో తెలుస్తుంది. ఇంకో గాజు సీసాలో పులుపు కొలుస్తుంది. ఒక డబ్బా మూత తీసి పటిక బెల్లం పలుకుల్లాంటివి చూపించింది. టాంకీ బాగా చల్లబడ్డప్పుడు గోడలకు ఇవి అంటుకుంటాయట.

"నాలుక మీద పెట్టుకో అమ్మా."

పెట్టుకున్నాను. పుల్లగా ఉంది. తెలిసిన పులుపే.

"చింతపండుల ఉండేది గిదే. టార్టారిక్ ఆసిడ్. నిమ్మకాయల వేరే ఉంటది, మామిడికాయల వేరే. ద్రాక్షకూ చింతకాయకూ ఒకటే."

ముప్ఫై ఏండ్లుగా రోజూ చింతపండు పిసుకుతున్నదాన్ని, నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఏడు గ్లాసులు వరుసగా పెట్టుకుని ఒక్కొక్కటి నోట్లో పోసుకుంది. నా గుండె ఆగినంత పనైంది. తిప్పి తిప్పి పక్కనున్న బకెట్టులో ఉమ్మేసింది. ఏడూ అంతే. మింగితే మూడో గ్లాసుకే నాలుక పని చేయదు, నౌకరీ పోతుంది అంది. దారూ కంపెనీలో పని చేసే మా బిడ్డ పొద్దంతా ఉమ్మేస్తుందన్న సంగతి షోలాపూర్ మేనత్తకు ఎట్లా చెప్పాలో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం దాని కిరాయి గదిలో వంట నేను చేశాను. నౌకరీ మాట అన్నం తిన్నాక ఎత్తుదామనుకున్నాను. అది ఫ్రిజ్‌లోంచి ఒక సావిన్యోన్ సీసా తీసింది. ఎనిమిది, పది డిగ్రీల చల్లదనం ఉండాలట. ఈ రకం తెల్ల వైన్‌ను దాచిపెట్టుకోరు. ఏడాది, రెండేండ్లలో తాగేయాలి. పాతబడితే విలువ పెరుగుతుందనే మాట దీనికి చెల్లదు. లేతదనమే దీని గుణం.

గ్లాసులో పోసి నా ముక్కు దగ్గర పెట్టింది. జామకాయ. పచ్చి జామకాయ కొరికినప్పటి వాసన, అప్పుడే కోసిన గడ్డి వాసన. హాత్‌భట్టీ వాసన ఎక్కడా లేదు. నేను చెంచాడు నోట్లో పోసుకుని, మా బిడ్డ చేసినట్టే ఉమ్మేశాను. మా ఆయన అరగ్లాసు తాగాడు. "నిమ్మకాయ సోడాల చక్కెర మర్చిపోయినట్టుంది" అన్నాడు.

వంటలతో కలిపితే సంగతి వేరే అయింది. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే హోటలువాళ్లు చెప్పే చీజ్, సాలడ్ ముచ్చట్లు మనకు పనికిరావు.

బొంబిల్ చేపలను రవ్వ అద్ది వేయించాను. నూనె, రవ్వ, లోపల మెత్తటి చేప. దాని మీద నిమ్మకాయ పిండినట్టే పని చేసింది ఈ వైన్. నోరు కడిగినట్టయి మళ్లీ ఇంకో ముక్క తినాలనిపిస్తుంది అన్నాడు మా ఆయన. లువార్ ఒడ్డున కూడా ఈ వైన్లు నది చేపలతోనే, మేకపాల చీజ్‌తోనే తింటారట. కొత్తిమీర వడి, అదే మరాఠీ వాళ్లది, ఇంకా బాగా కుదిరింది. వైన్‌లో పచ్చటి వాసన, వడిలో పచ్చటి వాసన. సర్వపిండిలో నువ్వులు, పల్లీలు కరకరలాడుతూ బాగున్నాయి కానీ నేను కారం ఎక్కువ వేశాను. అక్కడ ఇబ్బంది వచ్చింది. కారం మీద వైన్ తాగితే మంట రెండింతలు అవుతుంది. సీసాలోని ఆల్కహాలే ఆ మంటను రాజేస్తుందట. కారం తినే ఇంట్లో కొద్దిగా తీపి ఉంచిన షెనిన్ నయం అంది మా బిడ్డ. ఇంటి నుంచి తీసుకపోయిన సకినాలతో మంచిగా సరిపోయింది. ఉప్పు, వాము, నువ్వులు, కారం లేదు.

చేపల పులుసు దగ్గర మాత్రం పూర్తిగా ఓడిపోయింది. నాకు లోపల కొంచెం సంతోషమైంది కూడా. పులుసు తిన్నాక తాగితే వైన్ చప్పగా, నీళ్లలా అయిపోయింది. పక్కన పెట్టిన వస్తువు వైన్ కన్నా ఎక్కువ పుల్లగా ఉంటే వైన్ చచ్చిపోతుందట. వేయి రూపాయలకు అటూ ఇటూ ఉండే సీసా, పది రూపాయల చింతపండు ముందర నిలబడలేదు. మటన్ కూర ముందర కూడా అంతే, కనబడకుండా పోతుంది. దానికి ఎర్రది కావాలి అంటారు.

ఇదంతా చదివి ఎవరైనా "ద్రాక్షరసమే కదా" అనుకుంటారేమో. కాదు. మా బిడ్డే గట్టిగా చెప్పింది. సీసా మీద పన్నెండు, పదమూడు శాతం అని ఉంటుంది. కల్లులో నాలుగైదు శాతం ఉంటుంది. అంటే కల్లుకు రెండింతల పైన. అలవాటు పడ్డవాడికి ఇది కూడా దారూనే. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మనివ్వాలని మహారాష్ట్ర మంత్రివర్గం నిర్ణయిస్తే పెద్ద గొడవైంది గుర్తుందా? అప్పుడు నేను వద్దన్నవాళ్ల వైపే. ఇప్పుడూ అంతే. బియ్యం పక్కన సీసా పెట్టొద్దు. బిడ్డ నౌకరీ వేరు, నా ఈ మాట వేరు. రెండూ ఒక్క కడుపులో ఎట్లా ఉంటాయని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నౌకరీ మానెయ్యమనే మాట ఆ రాత్రి నోటికి రాలేదు. అన్నం తిన్నాక అదే అడిగింది, "షోలాపూర్ వాళ్లు ఏమన్నరు?" అని. ఉన్నది చెప్పాం. గిన్నెలు కడుగుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంబంధం పోతే పోనియ్యి, అమ్మమ్మకు మాత్రం నిజం చెప్పు. మూడేండ్ల సంది ఫోన్ల ద్రాక్షపండ్లు ఎట్లున్నయని అడుగుతది. నాకు సిగ్గయితది" అంది.

పొద్దున రామ్‌కుండ్ దగ్గర నీళ్లు పట్టాం. బస్సు ఎక్కేటప్పుడు ఆ బాటిల్ పక్కనే ఒక ఆకుపచ్చ సీసా కూడా సంచీలో పెట్టింది మా బిడ్డ. నేను వద్దనలేదు.

ఇంటికి వచ్చాక గోదారి నీళ్లు దేవుని గూట్లో పెట్టి, రెండో సీసా అవ్వ ముందర పెట్టాను. అంతా చెప్పాను. మా అవ్వ చేతులు ముడుచుకుని విన్నది. ఒక్కటే అడిగింది.

"బట్టీ పెడ్తరా?"

అర్థమైంది. మా ఊళ్ల వైపు కల్లు వేరు, సారా వేరు. కల్లు చెట్టు మీది నుంచి దిగుతుంది, తనంత తాను పులుస్తుంది. సారా పొయ్యి మీద కాచి ఆవిరి పట్టి దించుతారు. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు కూడా ఈతకల్లు తాగినవాళ్లే. సారా మాత్రం ఆమె మగణ్ణి తీసుకపోయింది.

"పెట్టరవ్వా. పొయ్యి లేదు. ఉత్తగ పులియబెడ్తరు. సల్లగ."

మూత తీయమంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు. ఏం వాసన అని అడిగాను. చెప్పలేదు. "పిల్ల దీన్ని ఉమ్మేస్తదా?" అంది. అవునన్నాను. "మరి గా షోలాపూర్ దానికి చెప్పకపోయినవా?" అంది.

ఆ రాత్రే మా ఆయన మధ్యవర్తికి ఫోన్ చేశాడు. పిల్ల నౌకరీ మానదు, పెండ్లయినంక సంగతి ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారు, ఇష్టముంటే కబురు చెయ్యమనండి అన్నాడు. ఇది రాసే నాటికి కబురు రాలేదు.

తెరిచిన సీసా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే బాగుంటుందని మా బిడ్డ చెప్పింది. వారం దాటింది. పారబోయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నిన్న పొద్దున అవ్వ ఫ్రిజ్ తలుపు తీసి, "గా పచ్చ సీస జర అవుతలికి జరుపు, పెరుగు గిన్నె పడ్తలేదు" అంది.